గనిలో పుట్టి.. గుజరీలో గిట్టి!

* సండూరు కొండ నుంచి శివాజీనగర సందుల దాకా కారు కథ
* పొగగొట్టం ఒక్కటే దోషి కాదు
* పాత బండి ఎవరి చేతికి ఇస్తున్నామన్నదే అసలు ప్రశ్న

బెంగళూరు: పొగ పరీక్ష చేయించాం. చీటీ చేతికొచ్చింది. ఇంకేం, మన కారు కడిగిన ముత్యం! కారున్న ప్రతి ఇంటా ఇదే ధీమా. కానీ ఆ చీటీ చెప్పేది పొగగొట్టం సంగతి ఒక్కటే. అదీ పరీక్ష చేసిన ఆ నిమిషానిదే. ఆ కారు కోసం ఎక్కడ ఎంత కొండ తవ్వారో, ఎంత బొగ్గు మండించారో అందులో రాసి ఉండదు. ముసలిదై మూలన పడ్డాక దాని నూనె ఏ మోరీలో కలుస్తుందో, బ్యాటరీలోని సీసం ఏ పిల్లాడి ఒంట్లో చేరుతుందో అసలే ఉండదు.

బెంగళూరులో నమోదైన వాహనాలు కోటి దాటిపోయాయి. అందులో కార్లే 20 లక్షలకు పైగా. ఇవన్నీ ఏదో ఒకరోజు తుక్కు కావాల్సినవే. ఒక్కో ఇంటి ముందు ఒక్కోటి నిలబడి ఉంటే ఏమీ అనిపించదు. అన్నీ కలిపి ఒకచోట కుప్ప పోస్తే ఎంతవుతుందో ఊహించుకోండి.

సరిహద్దు జిల్లాల తెలుగువారు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. కారు పుట్టుక నుంచి చావు దాకా చాలా మజిలీలు మన చుట్టుపక్కలే ఉన్నాయి. ఇనుప ఖనిజం బళ్లారిది. బండిని కూర్చేది బిడదిలోనో, పెనుకొండలోనో. కరెంటు కారైతే దాని తిండిలో పావగడ ఎండకూ వాటా ఉంది. చివరకు పాత బండి చేరేది శివాజీనగర గుజరీకి. ఏ మజిలీలో ఎవరు ఎంత మూల్యం చెల్లిస్తున్నారో ఒకసారి చూద్దాం.

కొండ కరిగితేనే బండి

ప్రపంచ ఉక్కు సంఘం లెక్క ప్రకారం సగటు కారులో 900 కిలోల వరకు ఉక్కు, ఇనుము ఉంటాయి. మన చిన్న కార్లలో కొంత తక్కువ. ఖనిజం నుంచి ఒక టన్ను ఉక్కు తీయాలంటే సుమారు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, ముప్పాతిక టన్ను బొగ్గు, పైన సున్నపురాయి కావాలి. ఆ టన్ను ఉక్కుతో పాటు మన దేశంలో రెండు టన్నులకు మించి కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. అంటే షోరూంలో తళతళలాడే కారు వెనక దానికంటే బరువైన రాయి, దానికంటే బరువైన పొగ ఉన్నాయన్నమాట.

ఆ రాయి ఎక్కడిదో బళ్లారి, హొసపేట, సండూరు వాసులకు చెప్పనక్కర్లేదు. తోరణగల్లులోని జేఎస్‌డబ్ల్యూ ఉక్కు కర్మాగారంలో కార్ల పైతొడుగుకు వాడే పల్చని రేకులు కూడా తయారవుతాయి. చుట్టుపక్కల కొండలే దానికి ఆధారం.

2000 తర్వాత చైనా గిరాకీతో ఈ కొండల మీద ఏం జరిగిందో అందరికీ గుర్తే. ఎర్రమట్టి లారీల బారులు, చెట్లకు ఆకుపచ్చ రంగు కనబడనంత దుమ్ము, పైర్ల మీద ఎర్రటి పొర. అటు అనంతపురం జిల్లా ఓబుళాపురం, ఇటు బళ్లారి.. సరిహద్దు రాళ్లకే దిక్కులేని పరిస్థితి. 2011 జులైలో లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే నివేదిక వచ్చింది. అదే నెలలో బళ్లారి జిల్లాలో తవ్వకాలను సుప్రీంకోర్టు ఆపేసింది. తర్వాత గనులను తప్పు తీవ్రతను బట్టి మూడు వర్గాలుగా విడదీసి, ఏడాదికి ఇంతకు మించి తవ్వకూడదని హద్దు పెట్టింది.

ఆ ఖనిజంలో ఎక్కువ భాగం కార్లకు పోలేదు. ఎగుమతులకు, ఇళ్ల కమ్మీలకు, వంతెనలకు పోయింది. నిజమే. కానీ ఉక్కు కావాలన్న వాళ్ల వరుసలో కారు కొనేవాడూ ఉన్నాడు. గిరాకీ పెరిగేకొద్దీ హద్దూ జరుగుతోంది. 2022 ఆగస్టులో బళ్లారి గనుల వార్షిక పరిమితిని 2.8 కోట్ల టన్నుల నుంచి 3.5 కోట్ల టన్నులకు సుప్రీంకోర్టు పెంచింది. 2024లో సండూరు దగ్గర దేవదారి గని కోసం వేల చెట్లు కొట్టాల్సి వస్తుందని తెలిసి పెద్ద వివాదమే రేగింది.

కూర్చేది ఒకచోట.. మురుగు మరోచోట

మైసూరు రోడ్డులోని బిడదిలో టయోటా కిర్లోస్కర్ కర్మాగారం 1999 చివర్లో ఉత్పత్తి మొదలుపెట్టింది. క్వాలిస్‌తో మొదలై ఇన్నోవా దాకా ఎన్నో బండ్లు అక్కడి నుంచే వచ్చాయి. హైదరాబాద్ రోడ్డు పట్టుకుని పోతే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం. 2019లో ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2023 జులై నాటికే 10 లక్షల కార్లు పూర్తిచేసింది. కరవు సీమలో ఈ కర్మాగారానికి నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తాయి. అంటే హంద్రీనీవా కాలువలో ఎక్కించుకు వచ్చిన కృష్ణా నీళ్లు!

ఉపాధి వచ్చింది. కాదనేవారు లేరు. హిందూపురం, పెనుకొండ పిల్లలు వలస పోకుండా ఇంటి నుంచే పనికి వెళ్లగలగడం చిన్న విషయం కాదు. అయితే కారు ఖర్చు లెక్కలో జీతాలతో పాటు నీళ్లనూ, గాలినీ రాసుకోవాలి కదా.

కారు కర్మాగారంలో ఎక్కువ కరెంటు, వేడి మింగేది రంగులద్దే విభాగం. రేకును కడగాలి, తుప్పు పట్టకుండా రసాయనంలో ముంచాలి, పొర మీద పొర రంగు వేసి కొలిమిలాంటి గదిలో ఆరబెట్టాలి. రంగులోని ద్రావకాలు ఆవిరై గాలిలో కలుస్తాయి. పెద్ద కర్మాగారాల్లో వాటిని పట్టే ఏర్పాట్లు ఉంటాయి. నిఘా కూడా ఉంటుంది.

అసలు చిక్కు చిన్న షెడ్లలో. పెద్ద కంపెనీ చేసేది కూర్పే. నట్టు, బోల్టు, స్ప్రింగు, గేరు చక్రం లాంటి వేల భాగాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. బెంగళూరులో అలాంటి పనికి పెట్టింది పేరు పీణ్య. లోహపు భాగాలకు మెరుపు పూత పూసే యూనిట్లూ అక్కడ ఎక్కువే. ఆ పూతలో వాడే క్రోమియం పీణ్య భూగర్భ జలాల్లో కలిసిందని కాలుష్య నియంత్రణ అధికారుల పరీక్షల్లోనే బయటపడింది. బోరు నీళ్లు పచ్చగా రావడం ఆ ప్రాంతంలో కొత్త సంగతేం కాదు. ఆ పక్కనే పారే వృషభావతి బిడది వైపే వెళ్లి బైరమంగల చెరువును మురుగు గుంట చేసింది. చెరువు కింద రైతులు ఒక్క కారైనా కొన్నారో లేదో గానీ, దాని ఖర్చులో వాటా మాత్రం కడుతున్నారు.

అన్నీ కలిపితే ఓ మోస్తరు పెట్రోలు కారు షోరూం గడప దాటేలోపే సుమారు 5 నుంచి 8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతుందని అంచనా. ఇంకా ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు మరి!

రోడ్డెక్కితే పద్దు పెరుగుతుంది

ఇక మనం నడిపే కాలం. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగిందనుకోండి. 15 ఏళ్లలో 10 వేల లీటర్లు తాగుతుంది. 23 టన్నులు వదులుతుంది. తయారీలో వచ్చిన దానికి ఇది మూడు నాలుగు రెట్లు. కారు బతుకులో పెద్ద పద్దు ఇదే.

బెంగళూరులో ఈ పద్దు ఇంకా పెరుగుతుంది. కారణం తెలిసిందే. ట్రాఫిక్. టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కల ప్రకారం ఇక్కడ 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాలు పట్టింది. సిల్క్‌బోర్డు దగ్గరో, హెబ్బాళ దగ్గరో ఇంజిన్ ఆపకుండా నిలబడినంత సేపు కిలోమీటర్లు పెరగవు, పెట్రోలు మాత్రం తరుగుతుంది. 2010లో టెరి సంస్థ చేసిన అధ్యయనంలో బెంగళూరు గాలిలోని ధూళి కణాల్లో 42 శాతం రవాణా నుంచే వస్తున్నట్లు తేలింది. రోడ్ల మీద రేగే దుమ్ముది మరో 20 శాతం.

ఈ నగరం ఒక మంచి పనికీ చోటిచ్చింది. ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. అది పొగతో వచ్చి పిల్లల మెదడును దెబ్బతీసేది. బెంగళూరుకు చెందిన జార్జ్ ఫౌండేషన్ 1990ల చివర్లో ఏడు నగరాల్లో రక్త పరీక్షలు చేయించింది. 12 ఏళ్లలోపు పిల్లల్లో సగం మందికి పైగా రక్తంలో సీసం అప్పటి హద్దును దాటి ఉంది. సెయింట్ జాన్స్ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ ఈ కృషిలో ముందున్నారు. 1999లో దీనిపై బెంగళూరులోనే అంతర్జాతీయ సదస్సు జరిగింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది.

పొగగొట్టం నుంచి సీసం పోయింది. కారు నుంచి పోయిందా? లేదు. బానెట్ ఎత్తితే బ్యాటరీలో ఉంది. ఆ సంగతికే వద్దాం.

గుజరీకి దండం.. కానీ!

కారు ముసలిదయ్యాక నగరం నుంచి చిన్న ఊరికి, అక్కడి నుంచి మరో చేతికి మారుతుంది. ఇక మరమ్మతు దండగ అనుకున్నప్పుడు గుజరీ దారి పడుతుంది. బెంగళూరులో గుజరీ అనగానే గుర్తొచ్చేది శివాజీనగర. ఇరుకు సందుల్లో తలుపులు, అద్దాలు, సీట్లు, గేరుబాక్సులు గుట్టలుగా ఉంటాయి. కంపెనీ ఏనాడో ఆపేసిన బండికి కూడా అక్కడ భాగం దొరుకుతుంది.

నిజానికి ఈ పనివాళ్లకు దండం పెట్టాలి. వాడిన తలుపును మళ్లీ అమ్మారంటే కొత్త తలుపు కోసం ఖనిజం తవ్వక్కర్లేదు. మిగిలిన ఇనుమును కరిగిస్తే టన్నుకు సుమారు 1.4 టన్నుల ఖనిజం, 740 కిలోల బొగ్గు ఆదా. అల్యూమినియాన్ని తిరిగి కరిగించడానికి కొత్తగా తీసేందుకు పట్టే శక్తిలో 5 శాతం చాలు. ఆ లెక్కన ప్రతి పాత కారూ రోడ్డు మీద నిలబడ్డ చిన్న గనే.

చిక్కల్లా అమ్ముడుపోని వాటితోనే.

ఏసీ గ్యాసు: చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కారులో ఉండేది అరకిలో. గొట్టం కోసి వదిలేస్తే చాలు, 700 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. మరో విధంగా చెప్పాలంటే సుమారు 300 లీటర్ల పెట్రోలు ఒక్క క్షణంలో మండించినట్టు! కంటికి కనబడదు, వాసన రాదు.

నూనెలు: ఇంజిన్ ఆయిల్, బ్రేకు ఆయిల్, కూలెంటు. నేల మీద పారితే మోరీకి, మోరీ నుంచి చెరువుకు.

టైర్లు: రీట్రెడింగుకు పనికిరానివి ఇటుక బట్టీలకో, నూనె తీసే బట్టీలకో పోతాయి. నల్లటి పొగ, మసి ఊరి బయట పొలాల మీద వాలుతుంది.

బ్యాటరీ: మామూలు కారు బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. దీనికి గిరాకీ ఎక్కువ కాబట్టి ఎవరూ పారేయరు. అదే అసలు ప్రమాదం. పెద్ద కర్మాగారాల్లో అన్ని జాగ్రత్తలతో కరిగించేది కొంతైతే, పెరట్లోనో షెడ్డులోనో గొడ్డలితో పగలగొట్టి, ఆమ్లం నేల మీద పారబోసి, మూకుట్లో కరిగించేది మరికొంత. ఆ పొగ పీల్చేది పని చేసే మనిషి. ఆ బట్టలతో ఇంటికి వెళ్తే పిల్లలు. మన దేశంలో 27 కోట్ల మందికి పైగా పిల్లల రక్తంలో సీసం ఆందోళనకర స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు అంచనా వేశాయి. దానికి ముఖ్య కారణాల్లో బ్యాటరీల నాటు కరిగింపు ఒకటని చెప్పాయి. పెట్రోలు నుంచి ఇంత కష్టపడి వెళ్లగొట్టిన సీసం దొడ్డిదారిన మళ్లీ పిల్లల దగ్గరికే వస్తోంది.

చట్టం వచ్చింది.. ఆచరణ రావాలి

2021 సెప్టెంబరులో కేంద్రం తుక్కు కేంద్రాల నిబంధనలు తెచ్చింది. నమోదైన కేంద్రంలో బండిని విడగొట్టే ముందు నూనెలు, గ్యాసు, బ్యాటరీ విడిగా తీయాలి. యజమానికి డిపాజిట్ సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని చూపి కొత్త కారు కొంటే సొంత వాహనాలకు రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇచ్చే వీలు రాష్ట్రాలకు కల్పించారు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ కొనసాగింపు లేదు.

2025 ఏప్రిల్ 1 నుంచి మరో అడుగు పడింది. కాలం చెల్లిన వాహనాల నిబంధనల కింద కార్ల కంపెనీలకే బాధ్యత పెట్టారు. 20 ఏళ్ల కింద అమ్మిన సొంత వాహనాల్లో వాడిన ఉక్కులో కనీసం 8 శాతానికి సమానంగా తుక్కు నుంచి వెనక్కి వచ్చేలా కంపెనీ చూడాలి. 2030-31 నుంచి ఇది 13 శాతం, 2035-36 నుంచి 18 శాతం.

మంచిదే. కానీ ఈ లక్ష్యాలు పెట్టింది ఉక్కుకే. ఉక్కుకు ఎలాగూ గిరాకీ ఉంది, దాన్ని గుజరీ కూడా వదలదు. బ్యాటరీలకు, టైర్లకు, వాడిన నూనెకు వేర్వేరు నిబంధనలున్నాయి. అవి అమలయ్యేది కారు నమోదైన చోటికి చేరితేనే. ఆ కేంద్రాలు గుజరీ దుకాణాలతో పోలిస్తే చాలా తక్కువ. పైగా కేంద్రం ప్రధానంగా ఇనుము బరువు చూసి ధర కడుతుంది. గుజరీ ఏ భాగం అమ్ముడుపోతుందో చూసి కడుతుంది. రెండు వేలు ఎక్కువ వచ్చే చోటికే మనిషి మొగ్గుతాడు.

గుజరీ వాళ్లను తరిమేస్తే సమస్య తీరదు. వాళ్లు మరో ఊరి శివారుకు పోతారు, పొగా అక్కడికే పోతుంది. పని తెలిసిన చేతులవి. గ్యాసు పట్టే యంత్రం, నూనె కింద పడని నేల, బ్యాటరీలు అప్పగించే ఏర్పాటు వాళ్లకు అందిస్తే అటు ఉపాధి, ఇటు చెరువు.. రెండూ నిలబడతాయి.

కరెంటు కారు సంగతేంటి?

బెంగళూరుకు ఇది కొత్త కాదు. చేతన్ మైని రేవా కారును 2001లోనే ఇక్కడ రోడ్డెక్కించారు. 2010లో మహీంద్రా దాన్ని చేజిక్కించుకుంది. దేశంలో విద్యుత్ వాహనాలకు తొలి విధానం ప్రకటించిన రాష్ట్రమూ కర్ణాటకే, 2017లో. అన్నట్టు తొలి రేవాలో ఉన్నవీ సీసపు బ్యాటరీలే!

లెక్క చూద్దాం. కరెంటు కారుకు కిలోమీటరుకు సుమారు 0.13 యూనిట్లు కావాలి. దేశ సగటున యూనిట్ కరెంటుకు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తోంది. అంటే కిలోమీటరుకు 90 గ్రాములు. పెట్రోలు కారుకు 150. బొగ్గు కరెంటుతో నడిచినా తక్కువేనన్నమాట. పావగడ లాంటి చోట్ల నుంచి సౌర విద్యుత్ వచ్చేకొద్దీ ఇది ఇంకా తగ్గుతుంది. తుమకూరు జిల్లాలో తెలుగు మాట్లాడే ఈ కరవు తాలూకాలో 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు ఉంది. రైతుల భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి రూ.21 వేల కౌలుతో మొదలుపెట్టారు.

అయితే 30 యూనిట్ల బ్యాటరీ తయారీలోనే రెండు మూడు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగితే ఆ అప్పు తీరడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఎప్పుడో ఓసారి తీసే కారైతే తీరనే తీరదు. టైరు అరుగుదల, రోడ్డు దుమ్ము, ట్రాఫిక్ మామూలే. ఇప్పుడు అమ్ముతున్న లిథియం బ్యాటరీలన్నీ ఏదో ఒకనాడు గుజరీ గుమ్మం తొక్కుతాయి. 2022 బ్యాటరీ నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. సీసం విషయంలో జరిగిన ఆలస్యం ఇక్కడ జరగకూడదు.

పాతది ఉంచాలా.. కొత్తది కొనాలా?

చాలామంది అడిగే ప్రశ్నే. లీటరుకు 12 ఇచ్చే పాత కారు తీసేసి 18 ఇచ్చేది కొన్నారనుకుందాం. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగితే 277 లీటర్లు, అంటే 640 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఆదా. కొత్త కారు తయారీకి 6 టన్నులు వేసుకుంటే అది పూడటానికి తొమ్మిదేళ్లకు పైగా పడుతుంది. తక్కువ తిరిగేవారికి పాతికేళ్లయినా పూడదు. కాబట్టి బాగా నడిచే కారును మోజు తీరిందని మార్చడం పర్యావరణానికి మేలు కాదు.

దీనికి రెండో వైపూ ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 బండి కంటే పాత డీజిల్ బండి పొగ చాలా విషం. రోజంతా నగరంలో తిరిగే పాత డీజిల్ వాహనాన్ని మాత్రం ఎంత తొందరగా వదిలించుకుంటే అంత మంచిది.

మన వంతుగా..

* బండి తుక్కుకు ఇచ్చేముందు అది నమోదైన కేంద్రమో కాదో చూడండి. డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోనిదే తాళాలు ఇవ్వొద్దు. లేకపోతే ఆర్‌సీ మీ పేరు మీదే ఉండిపోతుంది. రేపు ఆ నంబరుతో ఏం జరిగినా మీ మెడకే.
* కొత్త బ్యాటరీ కొన్నప్పుడు పాతది అదే డీలరుకు అప్పగించండి. వంద రూపాయలు ఎక్కువిస్తాడని దారినపోయే వాడికి వేయొద్దు.
* ఏసీ పనిచేయకపోతే ముందు లీకు పట్టించండి. లీకు ఉండగానే గ్యాసు నింపిస్తే నింపినదంతా గాలికే.
* ఆయిల్ మార్పించాక పాతది ఎక్కడ పోస్తున్నారో మెకానిక్‌ను ఒక్కమాట అడగండి. అడిగేవాళ్లుంటే పద్ధతి మారుతుంది.
* మెట్రో, బస్సు ఉన్న దారిలో వారానికి రెండు రోజులైనా కారు ఇంట్లో ఉంచండి. ఎంత పొదుపైన కారైనా నిలబెట్టిన కారుకు సాటిరాదు.

కారు ధర ఎంత అని అడిగితే షోరూం వాళ్లు ఆన్‌రోడ్ ధర చెబుతారు. సండూరులో దుమ్ము మింగినవాళ్లు, బైరమంగల కింద పైరు పోగొట్టుకున్నవాళ్లు, బ్యాటరీ పగలగొట్టే షెడ్డు పక్కన ఆడుకునే పిల్లలు కట్టేది అందులో ఉండదు. కారు వద్దని ఎవరూ అనడం లేదు. అయితే కొనేటప్పుడు పది షోరూంలు తిరిగే మనం, వదిలించుకునేటప్పుడు ఒక్క పూట కేటాయించలేమా? ఆ ఒక్క పూట ఎవరో ఒక పిల్లాడి ఒంట్లోకి సీసం చేరకుండా ఆపుతుంది.